బెజ్జం మాట వినాలి

ఆవిరితో నడిచే బుల్లి రైలింజనును బాగుచేయడానికి కూర్చున్నవాడిని బాయిలరు పెద్దగా ఏడిపించదు. రాగి అతుకు కారితే వెండి సోల్డరు పోస్తారు. పిస్టను చుట్టూ ఆవిరి జారిపోతుంటే కొత్త రింగు తొడుగుతారు. ఏడిపించేది బియ్యపుగింజంత మరమేకు. ముప్పై ఏళ్ల కింద ఎవరో విప్పి కాఫీ కప్పు పక్కన పెట్టి ఉంటారు, బల్ల తుడిచినవాళ్లు దాన్ని చెత్తలోకి ఊడ్చి ఉంటారు. ఇప్పుడు దానికి బదులు ఇంకొకటి కావాలి. లోకంలో కోట్లకొద్దీ మరలున్నాయి, ఈ బెజ్జంలో దూరేది మాత్రం ఒక్కటీ కనపడదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్న సామెత బహుశా మరలు వెతికినవాడెవడో పుట్టించి ఉంటాడు.

"ఎక్కడ దొరుకుతుంది?" అని అందరూ మొదట అడుగుతారు. ఈ విషయం మీద చదివినవీ, విన్నవీ, నేను చేతులు కాల్చుకున్నవీ అన్నీ కలిపి చూస్తే, అది రెండో ప్రశ్న అని నాకు తోస్తుంది. మొదటిది, ఆ బెజ్జంలో ఏ చుట్టు కోసి ఉంది అన్నది. మర పోయింది, బెజ్జం మిగిలింది. మిగిలినదాన్ని అడగకుండా పోయినదాని కోసం ఊరంతా తిరగడం వల్లే ఇన్ని ఇంజన్లు పాడయ్యాయి. దొరికిన మరకు తగ్గట్టు బెజ్జాన్ని పెద్దది చేసి, కొత్తగా చుట్లు కోసేవాళ్లు చాలామంది. అది నాడా దొరికిందని గుర్రం కొన్నట్టు.

ఈ సరదాకు పుట్టిల్లు ఇంగ్లండ్. ఈ ఇంజన్లు మూడు రకాలు. బొమ్మలవాళ్లు పిల్లల కోసం చేసినవి ఒక రకం. బర్మింగ్‌హామ్‌లో జెఫ్రీ మాలిన్స్ 1937లో మొదలుపెట్టిన మామోడ్ వీటిలో అందరికీ తెలిసిన పేరు. పెద్దల కోసం కొలతకు తగ్గట్టు చేసి అమ్మినవి రెండో రకం. నార్తాంప్టన్‌లోని బాసెట్-లోక్ పాత తరానికి, డాంకాస్టర్‌లోని రౌండ్‌హౌస్, జపాన్‌లోని ఆస్టర్ మన తరానికి చెందినవి. మూడో రకం ఎవరో ఒక ఆసామి సాయంత్రాలు ఇంటి వెనక షెడ్డులో లేత్ ముందు నిలబడి, ఏళ్ల తరబడి తనే కట్టుకున్నవి. పర్సివల్ మార్షల్ 1898లో ప్రారంభించిన 'మోడల్ ఇంజనీర్' పత్రిక ఈ మూడో జాతికి అమ్మానాన్న. ఆ పత్రికలో ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో రాసిన లారెన్స్, ఆ కలం పేరు ఒక రైల్వే కంపెనీ పొడి అక్షరాలే, బుల్లి ఇంజను నిజమైన బొగ్గు కాల్చి మనుషులను లాగగలదని తన 'అయేషా' అనే రెండున్నర అంగుళాల గేజి (అంటే పట్టాల మధ్య దూరం) ఇంజనుతో నిరూపించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ఆయన గీసిన బొమ్మలు చూసి వేలమంది ఇంజన్లు కట్టారు.

మర వెతికేవాడికి ఈ మూడు రకాలూ మూడు వేర్వేరు చిక్కులు తెస్తాయి. కంపెనీ ఇంజనుకు ఒక పద్ధతి ఉంటుంది. అదేమిటో తెలుసుకుంటే సగం పని అయినట్టే. ఆస్టర్ 1975లో మొదలుపెట్టింది మొదలు మెట్రిక్ మరలే వాడింది. రౌండ్‌హౌస్‌లో బి.ఏ. మరలే ఎక్కువ, వాటి సంగతి కింద చెబుతాను. ఇంట్లో కట్టిన ఇంజనుకు గీసిన బొమ్మ దొరికితే అందులో ప్రతి మర కొలతా రాసి ఉంటుంది. అయితే కట్టినవాడి డబ్బాలో ఆ రోజు ఏముందో బొమ్మకు తెలియదు. ఆరో నంబరు వేయమని ఉన్నచోట ఐదు దొరికితే ఐదే బిగించి ఉంటాడు. అందుకే బొమ్మను నమ్మాలి గానీ బెజ్జాన్ని కొలిచాకే నమ్మాలి.

ఇప్పుడు చుట్ల సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే అన్ని తగాదాలకూ మూలం ఇక్కడే ఉంది.

1841 దాకా ఇంగ్లండ్‌లో ఏ కార్ఖానా మర దానిదే. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోట బోల్టుకు పట్టేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ దేశంలోని కార్ఖానాల నుంచి మరలు తెప్పించుకుని కొలిచి, వాటి సగటు తీసి, చుట్టు కోణం 55 డిగ్రీలుగా, శిఖరమూ లోయా గుండ్రంగా ఉండేలా ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అక్కడి అసలు రైలింజన్లు ఎక్కువగా దాని మీదే నడిచాయి. మన దేశానికి ఓడల్లో దిగిన ఇంజన్లకు బిగించినవి కూడా ఆ చుట్లే. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు మేలన్నాడు, శిఖరం గుండ్రంగా కాక చదునుగా ఉంటే కోయడం తేలికన్నాడు. అమెరికా ఆ దారిన పోయింది. తర్వాత వచ్చిన మెట్రిక్ మరలదీ 60 డిగ్రీలే.

విట్‌వర్త్ పద్ధతి వంతెనలకూ ఇంజన్లకూ బాగుంది గానీ గడియారాలకూ టెలిగ్రాఫ్ పరికరాలకూ పనికిరాలేదు. సన్నటి మరలకు వేరే లెక్క కావాలి. జెనీవాలో మార్క్ థ్యూరీ అనే ఆచార్యుడు స్విస్ గడియారాలవాళ్ల మరలను పరిశీలించి, వాటిలో దాగి ఉన్న ఒక నిష్పత్తిని పట్టుకున్నాడు. బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రవేత్తల సంఘం 1884లో దాన్నే తన పద్ధతిగా సిఫారసు చేసింది. అదే బి.ఏ. మనకు బి.ఏ. అంటే డిగ్రీ, ఇంజన్లు బాగుచేసేవాళ్లకు మాత్రం మర. సున్నా నంబరుతో మొదలవుతుంది: వ్యాసం 6 మి.మీ., చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, అంటే పిచ్, 1 మి.మీ. నంబరు ఒకటి పెరిగితే పిచ్ పదింట తొమ్మిది వంతులవుతుంది. దాన్ని బట్టి వ్యాసమూ తగ్గుతుంది: రెండో నంబరు 4.7 మి.మీ., నాలుగు 3.6, ఆరు 2.8, ఎనిమిది 2.2, పది 1.7. కోణం 47.5 డిగ్రీలు. అంగుళాల దేశం తన సన్నటి మరలకు మిల్లీమీటర్ల లెక్క వాడుకుని, పైకి మాత్రం నంబర్లు తగిలించిందన్నమాట. పాత బ్రిటిష్ రేడియోలు, టెలిఫోన్లు, కొలిచే మీటర్లు అన్నీ ఈ మరలతోనే నిండి ఉండేవి. బుల్లి ఇంజన్లు కట్టేవాళ్లూ వాటికే అలవాటు పడ్డారు.

బాయిలరు మీద బిగించే సామానుకు బి.ఏ. చాలదు, విట్‌వర్త్ మరీ లోతు. పావు అంగుళం విట్‌వర్త్‌కు అంగుళానికి 20 చుట్లు, చుట్టు లోతు 0.8 మి.మీ. పైనే. పలుచటి ఇత్తడి గొట్టానికి అంత లోతు కోస్తే గోడ మిగలదు. అందుకని మోడల్ ఇంజనీర్లు తమకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. కోణం విట్‌వర్త్‌దే, 55. చుట్లు మాత్రం వ్యాసం ఎంతైనా అంగుళానికి 40, లేదంటే 32. నలభై చుట్లదాని లోతు 0.4 మి.మీ. మాత్రమే. వాటికి ఎం.ఇ. మరలని పేరు. ఇత్తడి పనివాళ్ల అలవాటైన 26 చుట్లు కూడా ఈ వరసలోకి వచ్చి చేరింది. చాలా మామోడ్ బాయిలర్ల సేఫ్టీ వాల్వు పావు అంగుళం, 26 చుట్లే.

పాత జర్మన్ ఇంజన్లు ఇంకో లోకం. న్యూరెంబర్గ్‌లోని బింగ్ కంపెనీ బాసెట్-లోక్ కోసం ఇంజన్లు చేసి పంపేది. ఆ కాలంలో జర్మనీలో లోవెన్‌హెర్ట్స్ అనే చుట్టు ఉండేది, దాని కోణం 53 డిగ్రీల చిల్లర. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పుట్టిన జర్మన్ బొమ్మ చేతికి చిక్కితే నంబర్ల పట్టిక పక్కన పెట్టి, బెజ్జంలోంచే నమూనా తీసుకోవడం మంచిది.

ఇన్ని పద్ధతులు ఉన్నందుకు నాకు బాధ లేదు. బాధ అంతా ఒకదాన్ని పోలిన ఇంకొకటి ఉండడమే. బి.ఏ. సున్నా వ్యాసం 6, పిచ్ 1. మెట్రిక్ ఎం6 వ్యాసం 6, పిచ్ 1. అచ్చుగుద్దినట్టు ఒకటే, కోణం తప్ప. 47.5 డిగ్రీల లోయలో 60 డిగ్రీల చుట్టు కూచోదు, అంచుల మీద వేలాడుతుంది. చేతికి బిగిసినట్టే అనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు. ఎనిమిదో నంబరు బి.ఏ. వ్యాసం 2.2 మి.మీ.; అమెరికా వాళ్ల రెండో నంబరు, 56 చుట్లది, వ్యాసం కూడా దాదాపు అంతే, 2.18. పిచ్ మాత్రం మొదటిదానికి 0.43, రెండోదానికి 0.45. మొదటి రెండు చుట్లు వెన్నలో కత్తిలా దిగుతుంది, ఐదో చుట్టుకు మొరాయిస్తుంది, ఏడో చుట్టుకు ఇత్తడిని కోసేస్తుంది. నాలుగో నంబరు బి.ఏ.కూ ఎం3.5కూ ఇదే గొడవ. ఇంగ్లండ్‌లో పాత ఇళ్ల స్విచ్చు పెట్టెల్లో బి.ఏ. బెజ్జాలుండగా కొత్త స్విచ్చులతో మెట్రిక్ మరలు వచ్చేసరికి ఎలక్ట్రీషియన్లు దీన్ని బాగా అనుభవించారు. పదో నంబరు బి.ఏ.దీ ఎం1.6దీ పిచ్ ఒకటే, 0.35. వ్యాసంలో వెంట్రుకంత తేడా. ఇది అన్నిటికంటే మోసకారి. చివరిదాకా హాయిగా దిగుతుంది, ఎక్కడా ఆగదు, రెండు మైళ్లు పరుగెత్తాక ఊడి పట్టాల పక్కన రాలిపోతుంది.

నాకు మొదటి పాఠం ఇలాంటి దానితోనే అయింది. ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉండే మా బావమరిది ఒక పాత సామాను సంతలో మూడున్నర అంగుళాల గేజి ఇంజను కొన్నాడు. కట్టినవాడెవరో తెలియదు. సెలవులకు వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి విప్పాం. ఆవిరి పెట్టె మూతకు ఆరు మరలుండాలి, ఐదే ఉన్నాయి. ఆ ఐదులో ఒకటి మెరుస్తోంది, తల కూడా కాస్త వేరు. "అది ఒరిజినల్ కాదు బావా," అన్నాడు. "అయినా బాగానే పట్టింది కదా," అన్నాను నేను. పట్టలేదు. ముందున్నవాళ్లెవరో బి.ఏ. ఎనిమిది బెజ్జంలో ఎం2 మరకు టెఫ్లాన్ టేపు చుట్టి కుక్కారు. విప్పగానే టేపు పీచు పీచుగా వచ్చింది. కొంత పీచు అప్పటికే సిలిండరులోకి పోయి ఉంది.

అందుకని కొలవడం. వెర్నియరుతో వ్యాసం చూడగానే నిర్ణయానికి రాకూడదు. అరిగిన మర అసలుకంటే ఎప్పుడూ కాస్త సన్నగానే చూపిస్తుంది, కొత్తది కూడా పట్టికలోని అంకెకు రవ్వంత తక్కువే ఉంటుంది. 2.1 వచ్చిందంటే అది 2.2 అయి ఉండవచ్చు. నిజం చెప్పేది పిచ్. పది చుట్ల దూరం కొలిచి పదితో భాగించాలి. ఎనిమిదో నంబరు బి.ఏ. అయితే పది చుట్లు 4.3 మి.మీ., ఎం2 అయితే 4.0, అమెరికాది అయితే 4.54. ఈ తేడా భూతద్దంతో స్కేలు మీద కనిపిస్తుంది. ఆకుల్లా విచ్చుకునే చుట్టు గేజి ఉంటే ఇంకా సుఖం. చుట్టు మీద ఆకు పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి, మధ్యలో వెలుగు సందు కనిపిస్తే అది కాదని అర్థం. బి.ఏ. ఆకులు, విట్‌వర్త్ ఆకులు, మెట్రిక్ ఆకులు విడివిడిగా ఉంటాయి, మూడూ ఉండాలి. 60 డిగ్రీల గేజితో 55 డిగ్రీల చుట్టును చూసి సరిపోయిందని మురిసిపోయినవాళ్లు నాకు తెలుసు.

మర లేకుండా బెజ్జం ఒక్కటే ఉంటే? పనివాళ్లు వాడే ఉపాయం ఒకటుంది. మెత్తటి అగ్గిపుల్లనో పళ్లు కుట్టుకునే పుల్లనో బెజ్జానికి సరిపడా చెక్కి, లోపలికి నొక్కుతూ మరను తిప్పినట్టు తిప్పి, మళ్లీ తిప్పుతూనే బయటికి తీయాలి. పుల్ల మీద చుట్ల అచ్చు పడుతుంది. దాని మీద పిచ్ కొలవచ్చు. తర్వాత తెలిసిన కొలత మరను, కొత్తది, మంచిది, చేతివేళ్లతో మాత్రమే తిప్పి చూడాలి. స్క్రూడ్రైవరు ముట్టుకోకూడదు. వేళ్లకు అందని బలం స్క్రూడ్రైవరుకు ఉంటుంది, ఆ బలంతోనే బెజ్జాలు చెడతాయి.

ఇక దొరికే చోట్లు. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు. 1965 నుంచి ఆ దేశం మెట్రిక్ వైపు నడిచినా బి.ఏ. మరలు చేసే చిన్న చిన్న సంస్థలు మోడల్ ఇంజనీర్ల పుణ్యమా అని బతికే ఉన్నాయి. నంబరు, పొడవు, తల ఆకారం, లోహం చెబితే పొట్లం కట్టి పంపుతారు. మోడల్ ఇంజనీరింగ్ ప్రదర్శనల్లో వాళ్ల బల్లల ముందు నిలబడితే గంటలు గడిచిపోతాయి. కంపెనీ ఇంజనైతే ఆ కంపెనీనే అడగడం మొదటి పని. సిగ్గుపడి అడగనివాళ్లే ఎక్కువ.

మనవైపు వేరే కథ. మన దేశం 1956 చట్టంతోనే మెట్రిక్‌కు మళ్లింది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఎం2 నుంచి అరచేయంత బోల్టు దాకా దొరుకుతుంది. హైదరాబాదు పాత మిస్త్రీలు ఇప్పటికీ అంగుళంలో ఎనిమిదో వంతును సూత్ అంటారు గనుక అంగుళాల మరలూ కొన్ని కనపడతాయి. బి.ఏ. అంటే మాత్రం కౌంటరులో ఉన్నవాడు మన ముఖం వంక చూస్తాడు. మనకున్న దారి పాత సామాను. బ్రిటిష్ తయారీ వోల్టుమీటరు, గొంతు పోయిన వాల్వు రేడియో, టెలిఫోను పెట్టె ఏది జుమ్మేరాత్ బజారులో తూకానికి దొరికినా, అది ఇత్తడి బి.ఏ. మరల గని. కొనేముందు ఒక మరను విప్పి చూడనివ్వమని అడగాలి. కళ్లజోళ్ల అంగళ్లలోనూ గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గరా దొరికే సన్నటి మరలు చూడడానికి బాగుంటాయి గానీ అవి ఈ పద్ధతుల్లో దేనికీ చెందకపోవచ్చు. ఆశపడి కొని తెచ్చుకున్న పొట్లాలు రెండు నా సొరుగులో ఉన్నాయి.

నా లెక్కలో అన్నిటికంటే మంచి దారి చేసుకోవడం. ఒక మర కోసం లేత్ కొనమని కాదు. బాలానగర్‌లో చిన్న లేత్ ఉన్న మిస్త్రీ ఎవరైనా పని ఒప్పుకుంటాడు, కాకపోతే నాలుగు మరల కోసం మిషను ఆపడానికి మనసొప్పదు. అందుకని నలభై అడగాలి. కావలసిన బి.ఏ. డై, ట్యాపు మనమే కొని తీసుకెళ్లాలి, అది ఒకసారి పెట్టుబడి. ఇత్తడి కడ్డీని లేత్‌లో బిగించి, మర వ్యాసానికి రవ్వంత తక్కువగా తరిణె పట్టి, డైని తోకవైపు నుంచి సూటిగా పట్టుకుని చేత్తో తిప్పాలి, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి. తల విడిచి కోసి, సన్నటి రంపంతో చీలిక పెట్టాలి. చూపు సరిగ్గా ఉన్నవాడికి ఒక్కో మరకు పది నిమిషాలు. మొదటి మూడు చెడిపోతాయి, నాలుగోదాన్ని పదిమందికీ చూపించుకుంటాం.

ఇంతకంటే కష్టమైన సందర్భం ఒకటుంది. మర పోలేదు, విరిగి లోపలే ఉండిపోయింది. ఉక్కు మర ఇత్తడిలో విరిగితే ముందు వేడి చేసి చూడాలి. ఒకే వేడికి ఇత్తడి ఉక్కుకంటే ఎక్కువ సాగుతుంది గనుక బెజ్జం కాస్త వదులవుతుంది, చొచ్చుకుపోయే నూనె లోపలికి దిగుతుంది. అయినా రాకపోతే మన ఇంటి గుమ్మానికి దిష్టి కోసం కట్టే పటికే దిక్కు. గడియారాలవాళ్ల పాత చిట్కా ఇది. వేడి నీళ్లలో కరిగినంత పటిక కరిగించి, గాజు గిన్నెలో ఆ ఇత్తడి భాగాన్ని ముంచి వెచ్చగా ఉంచితే, గంటలకో రోజులకో ఉక్కు నల్లటి మడ్డిగా కరిగిపోతుంది, ఇత్తడికి ఏమీ కాదు. ముందుగా స్ప్రింగులు, ఇరుసులు, ఉక్కుతో చేసినవి ఏవైనా ఉంటే తీసేయాలి. లేకపోతే పటిక వాటినీ వదలదు. పోత ఇనుము సిలిండరు ఉన్న ఇంజనుకు ఈ వైద్యం పనికిరాదు. డ్రిల్లు పెట్టి దొలిచేద్దామనే తొందర మనకు సహజం. ఉక్కు గట్టిది, ఇత్తడి మెత్తది, డ్రిల్లు మెత్తటివైపుకే జారుతుంది. బెజ్జం పక్కన ఇంకో బెజ్జం పడుతుంది.

చుట్లు అరిగిపోయిన బెజ్జానికి వైద్యం బి.ఏ. పద్ధతిలోనే దాగి ఉంది. ఇంజన్లు కట్టేవాళ్లు ఎక్కువగా సరి నంబర్లే వాడతారు: రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. బేసి నంబర్లు మధ్యలో ఖాళీగా ఉంటాయి. ఎనిమిది చెడితే ఏడు కోయవచ్చు, 2.2 నుంచి 2.5కు, అంటే 0.3 మి.మీ. పెరుగుదల. తల చూస్తే తేడా తెలియదు, పక్క బెజ్జం గోడకు దెబ్బ తగలదు. ఎనిమిది నుంచి నేరుగా ఆరుకు దూకితే రెండింతల లోహం పోతుంది, ఆ తర్వాత ఇంకోసారి చెడితే దారి ఉండదు. మూతలాంటి పలుచటి చోట అయితే బెజ్జాన్ని పూర్తిగా దొలిచి, ఇత్తడి బిరడా బిగించి, అందులో పాత కొలతే మళ్లీ కోయడం ఇంకా మర్యాద. కథను మళ్లీ మొదటికి తీసుకురావడమే ఆ పని.

లోహం గురించి ఒక మాట. ఈ మరలు తెగిపోతాయేమోనని భయపడేవాళ్లు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మూడున్నర అంగుళాల గేజి ఇంజనులో 28 మి.మీ. సిలిండరు, 80 పౌండ్ల ఒత్తిడి అనుకుందాం. మూత మీద పడే తోపు సుమారు 35 కిలోలు. ఆరు మరలు పంచుకుంటే ఒక్కోదానికి ఆరు కిలోల లోపే. ఎనిమిదో నంబరు ఇత్తడి మరకు అది పెద్ద బరువు కాదు. తెగేది మర కాదు, దానికంటే ముందు బెజ్జంలోని చుట్లు ఊడి వస్తాయి, అదీ మనం ఎక్కువగా బిగించడం వల్లే. కాబట్టి సిలిండరు మూతకు స్టెయిన్‌లెస్ మరలు వేసి గట్టిదనం పెంచానని గర్వపడడంలో అర్థం లేదు.

బాయిలరు దగ్గర మాత్రం కథ మారుతుంది. అక్కడ వేడినీళ్లు, ఆవిరి ఇత్తడిలోని జింకును నెమ్మదిగా లాగేస్తాయి, మర పైకి బాగానే కనిపిస్తూ లోపల స్పంజిలా పెళుసైపోతుంది. అందుకే బాయిలరు బుష్‌లకూ నీళ్లు తగిలే మరలకూ ఫాస్ఫరు కంచు వాడతారు. ఇనుప మరనైతే తుప్పు తినేస్తుంది. సేఫ్టీ వాల్వులో, బాయిలరు బిరడాలో దగ్గరి కొలతను సర్దడం అనేది అసలు ఉండకూడదు. 26 చుట్ల పావు అంగుళం బెజ్జానికి 55 డిగ్రీలదే కావాలి. సైకిళ్ల చుట్టు కూడా అంగుళానికి 26, కానీ 60 డిగ్రీలు. పట్టినట్టే ఉంటుంది. మీ పిల్లలు ఆ ఇంజను పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూస్తుంటారు. ఇంగ్లండ్ క్లబ్బుల్లో కొత్త బాయిలరును పనిచేసే ఒత్తిడికి రెట్టింపు నీటి ఒత్తిడితో, ఆ తర్వాత ఒకటిన్నర రెట్లతో పరీక్షిస్తారు. మర మార్చిన బాయిలరుకు కూడా నేనైతే అదే చేస్తాను, నీళ్లతోనే, నిప్పు పెట్టకముందే.

బాయిలరు కాక జాగ్రత్త పడాల్సిన చోటు ఇంకొకటుంది: వాల్వును కదిలించే ఎక్సెంట్రిక్‌ను ఇరుసుకు పట్టి ఉంచే తల లేని మర. చిన్నదని వదిలేస్తే అది జారి, వాల్వు సమయం మారిపోయి ఇంజను ముందుకు ఒకలా, వెనక్కి ఒకలా పరుగెడుతుంది. జనం పిస్టన్లన్నీ విప్పి చూస్తారు, ఆ మరను మాత్రం చూడరు.

తలల విషయంలో ఈ రంగంలో అభిప్రాయాలు మూడుగా చీలాయి. సేకరణదారులు మర తల పుట్టినప్పటిలాగే ఉండాలంటారు. 1920ల బాసెట్-లోక్ ఇంజనుకు స్టార్ తల మర బిగిస్తే వాళ్లకు ఒళ్లు మండుతుంది. మండడం న్యాయమే, ఫిలిప్స్ స్టార్ తల 1930లలో గానీ రాలేదు. నడిపేవాళ్లు అంటారు, బండి పరుగెత్తితే చాలు, అలెన్ తల అయితే బిగించడం సులువు అని. కొలతవాదులు అని మూడో పక్షం కూడా ఉంది. వాళ్ల లెక్క నాకు నచ్చుతుంది. ఐదు అంగుళాల గేజి ఇంజను అసలుదానికి సుమారు పదకొండో వంతు. అందులో ఆరో నంబరు బి.ఏ., 2.8 మి.మీ., అసలు ఇంజను మీద అంగుళంపావు బోల్టుతో సమానం. అంత లావు బోల్టు అక్కడ చాలాచోట్ల ఉండదు. పదో నంబరు అయితే ముప్పావు అంగుళం బోల్టుకు సరిగ్గా సరిపోతుంది. అందుకే ఆరో నంబరు బోల్టుకు ఎనిమిదో నంబరు తల పెట్టి అమ్ముతారు, పట్టు ఆరుది, చూపు ఎనిమిదిది.

నా పక్షం? పైకి కనిపించేచోట సేకరణదారులతో, బాయిలరు దగ్గర ఎవరి మాటా వినకుండా, లోపలి చోట బెజ్జం మాట. ఇంకొక పట్టింపు కూడా ఉంది. అసలు కాని పాత మరను విప్పితే పారేయను. పూర్వం ఎవరో కష్టపడి చేసుకున్న అరకొర మర కూడా ఇంజను చరిత్రలో భాగమే. 1940లలో కట్టిన ఇంజనులో ఒక మర సైకిలుది అయి ఉంటే, అది యుద్ధం రోజుల్లో దొరికినదేమో. అలాంటివాటికి నా దగ్గర ఒక పాత పొడుము డబ్బా ఉంది.

లెస్టర్ ఇంజనుకు ఆరు ఎనిమిదో నంబరు మరలు వేశాం. నాలుగు కొన్నవి, రెండు బావమరిది చేసినవి. ఏ రెండు ఆయనవో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు. ఎం2 మర, దాని టేపు పీచుతో సహా, పొడుము డబ్బాలో ఉంది.